నిజామాబాదు తండా నుంచి జాగ్రెబ్ దాకా

ఉగాదినాడు పంచాంగం విప్పి, ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని చదివించుకొని వినడం మన తాతల నాటి ఆచారం. ఊరు మారినా, రాష్ట్రం మారినా ఈ అలవాటును మనం విడువలేదు. మన దేశంలో ఆడపిల్లలు ఆడే ఫుట్‌బాలు ఆటకు ఎవరైనా జాతకం వ్రాసి ఉంటే ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 1, అవమానం 7 అని వ్రాసి ఉండేవారు. ఇంచుమించు యాభై ఏళ్ళు ఆ జాతకం మారలేదు. ఇప్పుడిప్పుడే మారుతున్నది. ఆ మార్పులో తెలుగునాట పుట్టిన ఒక అమ్మాయికి మంచి పాలు ఉన్నది. ఆమె పేరు కుమారి గుగులోత్ సౌమ్య. స్వస్థలం నిజామాబాదు జిల్లా.

హోసూరు, కృష్ణగిరి తెలుగువారి ఉగాది సంచికలో నిజామాబాదు అమ్మాయి కథ ఏల అని ఎవరైనా అడగవచ్చును. అడగవలసిన ప్రశ్నే. మనలో కొందరి పూర్వులు ఈ నేలమీదనే తరతరాలుగా కాపురమున్నవారు. భాషలవారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఊరు కదలకుండానే పొరుగు రాష్ట్రంలో మిగిలిపోయినవారు. మరికొందరు 1970 దశకం తరువాత సిప్‌కాట్ పారిశ్రామికవాడ పెరిగి, లేలండు, టీవీయస్, టైటాన్ కర్మాగారాలు వెలసిన మీదట పనికోసం పెట్టె బేడా సర్దుకొని వచ్చినవారు. ఏ విధంగా చూచినా, పుట్టిన భాష ఒకటి, బ్రతుకు నడిచే భాష మరొకటి అయినవాళ్ళం. సౌమ్య ఆటజీవితం అచ్చంగా ఇటువంటిదే. ఆమె ఎక్కిన ప్రతి మెట్టూ పరాయి ఊరిలోనే ఉన్నది. అది ఎందువల్ల జరిగిందో తెలుసుకోవడం మనకు అవసరం. మన ఇళ్ళలోనూ పదేళ్ళ ఆడపిల్లలు ఉన్నారు గదా!

ముందు ఈ ఆట పూర్వచరిత్ర కొంత చెప్పుకోవాలి. ఆడవారు ఫుట్‌బాలు ఆడడం ఈనాటి వింత కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో మగవారు యుద్ధానికి పోగా, కర్మాగారాలలో పనికి చేరిన స్త్రీలు మధ్యాహ్నపు విరామంలో బంతి తన్నడం మొదలుపెట్టారు. అట్లా పుట్టిన డిక్ కెర్ అనే ఫ్యాక్టరీ జట్టు 1920 డిసెంబరులో లివర్‌పూల్ నగరంలో ఆడితే 53,000 మంది టిక్కెట్టు కొని చూశారు. మరుసటి సంవత్సరమే, 1921 డిసెంబరులో, ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘం తన క్రింది మైదానాలలో ఆడవారి ఆటను నిషేధించింది. ఆట స్త్రీలకు తగదు అన్నది వారు చెప్పిన కారణం. ఆ నిషేధం సుమారు యాభై ఏళ్ళు నిలిచింది. జనం రాక ఆట ఆగిపోలేదు. జనం వస్తూ ఉండగానే మైదానం తలుపు మూశారు. ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

మన దేశంలో 1975లో లక్నోలో మహిళల ఫుట్‌బాలుకు ప్రత్యేకంగా ఒక సమాఖ్య ఏర్పడింది. ఆ కాలంలోనే ఉత్తరప్రదేశ్‌లోని సుల్తాన్‌పూర్‌లో మొదటి జాతీయ పోటీలు జరిగాయి, బెంగాలు నెగ్గింది. తరువాత అయిదారేళ్ళు మన అమ్మాయిలు ఆసియా ఖండంలోనే ముందువరుసలో నిలిచారు. 1980 జనవరిలో కేరళలోని కోళిక్కోడులో జరిగిన ఆసియా పోటీలలో భారతజట్టు ఫైనలుకు వచ్చి రెండవ స్థానం పొందింది. 1981లో హాంకాంగులో మూడవ స్థానం, 1983లో బ్యాంకాకులో మరల రెండవ స్థానం. ఆ తరంలో బెంగాలుకు చెందిన శాంతి మల్లిక్ 1983లో అర్జున పురస్కారం అందుకొని, ఆ గౌరవం పొందిన మొదటి మహిళా ఫుట్‌బాలు క్రీడాకారిణి అయింది. మనకు గంటన్నర దూరంలో ఉన్న బెంగుళూరు నుంచి చిత్రా గంగాధరన్ ఆ రోజులలోనే దేశానికి ఆడింది.

ఇంత వైభవమూ తరువాత నిలువలేదు. జట్టుకు ఏడాది పొడుగునా ఆటలు లేవు, ఆడేవారికి జీతం లేదు, పత్రికలలో పేరు లేదు. మణిపూరులో మాత్రం ఊరూరా ఆట బ్రతికి ఉన్నది. అక్కడి నుంచి వచ్చిన ఓయినామ్ బెంబెం దేవి ఇరవై ఏళ్ళు దేశానికి ఆడి, 2017లో అర్జున, 2020లో పద్మశ్రీ అందుకున్నది. జాతీయస్థాయిలో ఆడవారికి ఒక లీగు కావాలని తోచడానికి 2016 - 17 దాకా పట్టింది. ఆసియాలో రెండవ స్థానం పొందిన ముప్పయి ఏళ్ళు దాటిన తరువాత గాని ఆడవారికి నిలకడగా ఆడుకొనే పోటీ దొరకలేదన్నమాట.

మరి తెలుగునాడు సంగతి ఏమి? మగవారి ఆటలో మన హైదరాబాదు పేరు చెప్పకుండా భారత ఫుట్‌బాలు చరిత్ర వ్రాయడం సాధ్యం కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచింది. ఇంతటి పేరున్న చోటనే ఆడపిల్లల ఆటకు మాత్రం అంత పట్టు దొరకలేదు. పేరెన్నికగన్న మహిళా క్రీడాకారిణులు బెంగాలు, మణిపూరు, తమిళనాడు, ఒడిశా వంటి చోట్ల నుంచి వచ్చినవారే ఎక్కువ. తండ్రులు ఆడిన మైదానం కూతుళ్ళకు దక్కలేదని చెప్పుకోవలసి వస్తున్నది.

ఈ నేపథ్యంలో నిజామాబాదు జిల్లా తండాలోని లంబాడీ కుటుంబంలో సౌమ్య పుట్టింది. వ్యవసాయం మీద బ్రతికే ఇల్లు. లంబాడీలు పూర్వం ఎద్దులమీద ఉప్పు, ధాన్యం మోసుకొని దేశమంతా తిరిగిన బాటసారులు. మన పక్క ధర్మపురి జిల్లా సిట్లింగి లోయలో కూడ వారి తండాలు ఉన్నవి. ఆ విధంగా చూస్తే మనకన్న పాతకాలపు వలసజీవులు వారే. తండాలో పుట్టిన పిల్లకు బడి ఒక దూరం, మైదానం మరొక దూరం. ఆ దూరాలు దాటి ఆమె జిల్లాలో ఆట నేర్చుకున్నది. చిన్న వయసు జట్లలో భారతదేశానికి ఆడింది. ఇరవై ఏళ్ళ ప్రాయానికి పెద్దల జట్టులో చోటు సంపాదించింది. ఆమె ఆడేది ముందువరుసలో, అంచులవెంట పరుగెత్తి ఎదుటివారి గోలు మీదికి పోయే స్థానంలో. పరుగులో వేగము, ఉన్నట్టుండి లోపలికి తిరిగి బంతి కొట్టే నేర్పు ఆ స్థానానికి ముఖ్యం.

ఇక్కడి నుంచి ఆమె ప్రయాణం తెలుగునాడు విడిచి సాగింది. తెలంగాణలో గాని, ఆంధ్రలో గాని ఆడపిల్లను జీతమిచ్చి ఏడాదంతా ఆడించగల పెద్ద జట్టు లేదు. అందువల్ల కేరళకు పోయి గోకులం కేరళ జట్టులో ఆడింది. ఆ జట్టు సంగతి మనకు కొంత దగ్గరిదే. 2020లో మహిళల జాతీయ లీగు పోటీలు బెంగుళూరులో జరిగినప్పుడు, ఫిబ్రవరి 14న గోకులం జట్టు మణిపూరు జట్టయిన క్రిఫ్సాను 3 - 2 గోల్సుతో ఓడించి మొదటిసారి విజేత అయింది. ఆ తరువాత 2022లోను, 2023లోను అదే జట్టు గెలిచింది. కాఫీ తాగి హోసూరులో బస్సు ఎక్కితే ఆటవేళకు చేరుకొనే దూరంలో దేశంలోకెల్లా పెద్ద మహిళల పోటీ జరిగిందన్న మాట మనలో చాలామందికి ఈ వ్యాసం చదివేదాకా తెలియకపోవచ్చును.

2022 ఆగస్టులో సౌమ్యకు మరొక పెద్ద అవకాశం వచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి ఆమె ఐరోపాలోని క్రొయేషియా దేశానికి పోయి, అక్కడి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. క్రొయేషియా జనాభా మన తెలంగాణలో ఇంచుమించు పదో వంతు. అయినా 2018లో మగవారి ప్రపంచకప్పు ఫైనలు దాకా వచ్చిన దేశం. అంతకుముందు 2015లో అదితి చౌహాన్ ఇంగ్లండులో వెస్ట్ హామ్ జట్టుకు, 2020లో మణిపూరు బాలాదేవి స్కాట్లండులో రేంజర్స్ జట్టుకు ఆడారు. 2022లోనే పంజాబు అమ్మాయి మనీషా కల్యాణ్ సైప్రస్‌లోని అపోలాన్ జట్టుకు పోయింది. ఆ కొద్దిమంది సరసన నిజామాబాదు పేరు చేరింది. భాష తెలియని చోట, ఎముకలు కొరికే చలిలో, నోటికి పట్టని తిండితో పరాయి జట్టులో ఒదిగి ఆడడం ఎంత కష్టమో, కొత్తగా ఉద్యోగానికి వచ్చిన వలసదారుకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో నేపాలులోని ఖాట్మండులో దక్షిణాసియా పోటీలు జరిగాయి. పాకిస్తానుతో మన జట్టు 3 - 0 గోల్సుతో గెలిచిన ఆటలో, సమయం ముగిసి అదనపు నిమిషాలు నడుస్తూ ఉండగా మూడవ గోలు కొట్టింది సౌమ్యే. మాల్దీవుల మీద 9 - 0 విజయంలోనూ ఆమెది ఒక గోలు ఉన్నది. అయితే ఆ పోటీలో మన జట్టు సెమీఫైనలులో నేపాలు చేతిలో ఓడిపోయింది. ఆటగాళ్ళ చరిత్రలో గెలుపులు మాత్రమే వ్రాస్తే అది చరిత్ర అనిపించుకోదు గనుక ఇదీ చెప్పవలసినదే.

2024లో ఆమె కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరింది. ఈ జట్టు పుట్టుక మనబోటి సంఘాలవారు తెలుసుకోదగినది. 1920లో తూర్పు బెంగాలు ప్రాంతం నుంచి కలకత్తాకు వచ్చి ఉంటున్నవారు, తమవాళ్ళకు చిన్నచూపు జరుగుతున్నదని భావించి స్థాపించుకొన్న క్లబ్బు అది. 1947లో దేశవిభజన జరిగి లక్షల కుటుంబాలు ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని కలకత్తా చేరినప్పుడు, వారికి పోయిన ఊరికి బదులుగా మిగిలిన గుర్తు ఆ ఎరుపు, బంగారు రంగుల చొక్కా. వలసవారు నిలబెట్టుకొన్న జట్టు నూరేళ్ళు దాటి బ్రతికింది.

ఆ క్లబ్బుకు మగవారి జట్టు తెచ్చిన కడపటి జాతీయ లీగు విజయం 2003 - 04 నాటిది. ఆ తరువాత ఇరవయ్యొక్క ఏళ్ళు ఎదురుచూపే. 2025 ఏప్రిల్ 11న కల్యాణి మైదానంలో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు, అంతకుముందటి ఏటి విజేత ఒడిశా జట్టుతో తలపడ్డారు. మొదటి సగంలో గోలు పడలేదు. 67వ నిమిషంలో సౌమ్య గోలు కొట్టింది. ఆట 1 - 0 తో ముగిసింది. ఆ ఒక్క గోలుతో ఈస్ట్ బెంగాల్ మహిళలు మొదటిసారి భారత మహిళల లీగు విజేతలయ్యారు. వలస వచ్చినవారి క్లబ్బుకు ఇరవయ్యొక్క ఏళ్ళ కరువు తీర్చినది మరొక వలసపక్షి, అందునా తెలుగునాటి తండాలో పుట్టిన ఆడపిల్ల. ఆ ఏడాదే అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెను 2024 - 25 సంవత్సరపు ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ప్రకటించింది.

తరువాత రెండు నెలలకే థాయిలాండులోని చియాంగ్‌మాయి నగరంలో ఆసియా కప్పు అర్హత పోటీలు వచ్చాయి. జూన్ 23న మంగోలియాను మన జట్టు 13 - 0 గోల్సుతో ఓడించినప్పుడు సౌమ్య రెండు గోల్సు కొట్టింది. తమిళనాడు అమ్మాయి ప్రియదర్శిని కూడ ఆ ఆటలోనే రెండు కొట్టింది. జూలై 2న ఇరాకును 5 - 0 తో గెలిచిన ఆటలో మాత్రం సౌమ్య ముక్కుఎముక విరిగింది. జూలై 5న తమకన్న మేటి అనిపించుకొన్న థాయిలాండుతో జరిగిన కడపటి ఆటలో ఆమె దిగలేకపోయింది. సంగీతా బాస్‌ఫోర్ కొట్టిన రెండు గోల్సుతో భారతదేశం 2 - 1 తో గెలిచి, 2026 ఆసియా కప్పుకు అర్హత పొందింది. అర్హత పోటీలు ఆడి గెలిచి ఆ కప్పుకు పోవడం మన మహిళలకు అదే మొదటిసారి. అంతకుముందు మన జట్టు ఆ కప్పులో కడసారి పూర్తిగా ఆడింది 2003లో. 2022లో ఆతిథ్యమిచ్చిన దేశంగా దిగినా, జట్టులో కరోనా వ్యాపించి మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది.

ఇదీ కథ. ఇప్పుడు లెక్క చూడాలి. పరమపద సోపాన పటంలో పావు ఎంత మంచిదైనా నిచ్చెన లేని గడిలో పైకి పోలేదు. సౌమ్యకు కాళ్ళలో సత్తువ, మనసులో పట్టుదల తెలుగునేల ఇచ్చింది. ఆమెను పైకెత్తిన నిచ్చెనలు మాత్రం కేరళలో, క్రొయేషియాలో, బెంగాలులో ఉన్నవి. పత్రికలో ఫొటో పడిన నాడు “మన తెలుగమ్మాయి” అని అందరం సంతోషిస్తాం. సంతోషించడం తప్పు కాదు. అయితే ఆమె ఇంటి నుంచి మైదానానికి పోయిన మొదటి రోజున మనవాళ్ళు ఎంతమంది వెంట ఉన్నారన్నదే అసలు ప్రశ్న. సౌమ్య వంటి పిల్ల ఒకతె పైకి వచ్చిందంటే, దారి దొరకక తండాలోనే, పేటలోనే ఆగిపోయినవారు ఎందరో ఉండి ఉంటారు.

ఈ విషయంలో హోసూరు, కృష్ణగిరి తెలుగువారికి నిజానికి తెలుగు రాష్ట్రాలవారికన్న ఎక్కువ వసతి ఉన్నది. మనం ఉంటున్న తమిళనాడు 2018లో ఒడిశాలోని కటకంలో మణిపూరును ఓడించి జాతీయ మహిళల పోటీలో విజేత అయింది. 2023లో అమృత్‌సర్‌లో మరల గెలిచింది. మదురై ప్రాంతపు సేతు జట్టు 2019లో జాతీయ లీగు గెలిచింది. కడలూరు అమ్మాయి ఇందుమతి కదిరేశన్ తమిళనాడు పోలీసుశాఖలో ఉద్యోగం చేస్తూ దేశానికి ఆడి, సౌమ్యకు ముందటి ఏడు ఉత్తమ క్రీడాకారిణి అనిపించుకున్నది. ఇటు బెంగుళూరులో కిక్‌స్టార్ట్ అనే క్లబ్బు 2023లో లీగు ఫైనలు దాకా వచ్చింది. అటు అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు పల్లెటూరి ఆడపిల్లలకు కూడ బంతాట నేర్పుతున్నారు. మూడు దిక్కులా నిచ్చెనలు ఉన్నవి. మన ఇంటి గడప నుంచి ఆ నిచ్చెన మొదటి మెట్టుదాకా పోయే దారి ఒక్కటే మనం వేయవలసినది.

తల్లిదండ్రుల భయాలు మనకు తెలియనివి కావు. పిల్ల ఎండకు నల్లబడుతుంది, నిక్కరు వేసుకొని ఆడితే నలుగురూ నవ్వుతారు, కాలో చెయ్యో విరిగితే రేపు పెళ్ళి ఎట్లా, చదువు చెడిపోతే ఏమి గతి అని అవ్వలూ అత్తలూ అంటారు. దెబ్బ తగలదని చెప్పడం అబద్ధం. దేశంలో మేటి క్రీడాకారిణికే ముక్కు విరిగింది. ఈ ఆటలో ఆడవారికి మగవారంత డబ్బు ఉన్నదని చెప్పినా అబద్ధమే. అయితే 2023లో భారత సమాఖ్య, పై లీగులోని ఒక్కొక్క క్లబ్బు కనీసం పదిమంది క్రీడాకారిణులకు ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని నిర్ణయించింది. నెలకు సుమారు 26,600 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. కాని పూర్వం వట్టి చేతులతో ఆడి ఇంటికి పోయినవారిని తలచుకొంటే ఇది చిన్న మార్పూ కాదు. ఆటలో రాణించినవారికి పోలీసు, రైల్వే శాఖలలో క్రీడాకోటా ఉద్యోగాలు కూడ ఉన్నవి. చదువు మానమని ఎవరూ అనరు. చదువుతో పాటు సాయంత్రం రెండు గంటలు పిల్లకు విడిచిపెట్టమనే కోరిక.

ఇక సంఘాలు చేయగల పని ఏమిటంటే, పెద్ద సభలు అక్కరలేదు. వారానికి రెండు సాయంత్రాలు ఒక బడి మైదానం అడిగి తీసుకోవాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు నాలుగో నంబరు బంతి, పెద్దపిల్లలకు అయిదో నంబరు బంతి కొనాలి. బూట్లు కొనలేని ఇంటివారికి కొని ఇవ్వాలి. ఆడపిల్లలు చీకటి పడకముందు ఇల్లు చేరేటట్లు వంతులవారీగా ఒక తల్లి వెంట ఉండాలి. జిల్లా పోటీలు ఎప్పుడు జరుగుతవో తెలుసుకొని తమిళంలో దరఖాస్తు వ్రాసిపెట్టే మనిషి ఒకరు కావాలి. తెలుగు మాట్లాడే పిల్లలనే చేర్చుకోవాలన్న నియమం పెట్టుకోరాదు. పక్కింటి తమిళ పిల్ల, కన్నడ పిల్ల వస్తేనే పదకొండు మంది అవుతారు. సౌమ్యకు బంతి అందించిన చేతులు, అనగా కాళ్ళు, ఏ భాషవో ఎవరూ అడగలేదు.

బ్రతుకుతెరువుకోసం ఊరు విడిచిన మగవానిని మనం సాహసి అంటాం. ఆటకోసం ఊరు విడిచిన ఆడపిల్లను కూడ అదే మాటతో పిలవడం న్యాయం. ఈ ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు ఎవరి వంతుకు ఎంత వచ్చినా, మన ఆడపిల్లల జాతకంలో వ్యయం తగ్గి ఆదాయం పెరగాలని, అవమానం తరిగి రాజపూజ్యం హెచ్చాలని కోరుకొందాం. పంచాంగంలో అంకెలు మార్చడం సిద్ధాంతిగారి చేతిలో లేదు. ఈ అంకెలు మాత్రం మన చేతిలో ఉన్నవి. హోసూరు, కృష్ణగిరి తెలుగు కుటుంబాలకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.